వార్ధక్యము – వాహన చోదనము
(మన గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభదినమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. నేను పుస్తకములను గురించి చెప్పెదనని మీరు తలచియుందురు. ఆ పని నాకంటె సమర్థులైనవారు చేయనున్నారు. నేను మాత్రము ఈ గ్రంథాలయపు గుమ్మమునకు వెలుపల నిలిచియుండు వస్తువులను గురించి మాట్లాడదలచితిని. గ్రంథాలయము పుట్టిన క్రొత్తలో సాయంకాలము ఈ వేపచెట్టు క్రింద సైకిళ్లు వరుసగా నిలిచియుండెడివి. ఇప్పుడు ఆ చోటనే మోటారు సైకిళ్లు నిలుచుచున్నవి. వానిమీద వచ్చువారిలో యువకులు కొలదిమంది; 60 దాటినవారే ఎక్కువమంది. వారు వచ్చి, దినపత్రిక చదివి, లోకాభిరామాయణము ముచ్చటించుకొని, చీకటి పడిన పిమ్మట బండి యెక్కి యిండ్లకు పోవుచుందురు. వారిలో నేనును ఒకడను. నాకిప్పుడు 72వ ఏడు నడచుచున్నది.

వృద్ధులు వాహనములు నడుపవచ్చునా? ఏదో యొక వయస్సును నిర్ణయించి, ఆ వయస్సు దాటిన దినము మొదలు లైసెన్సు చెల్లదని ప్రభుత్వము శాసింపవలెనా? ఇదియే నేటి నా విషయము. ఇది పట్టణములవారి ప్రశ్న యని తోసివేయవలదు. మన జహీరాబాదు పేరు వినగానే పరులకు జ్ఞాపకము వచ్చునది వాహనమే. 1980ల దశకమున ఇచ్చట ఆల్విన్ నిస్సాన్ వారి చిన్న లారీలు తయారైనవి. నేడు మహీంద్రావారి ట్రాక్టర్లు తయారగుచున్నవి. ఊరి ప్రక్కనుండియే హైదరాబాదు–ముంబయి రహదారి పోవుచున్నది. పూర్వము దానిని 9వ నెంబరు రోడ్డనెడివారము. ఇప్పుడది 65వ జాతీయ రహదారి. చెరకు కోతల కాలమున ఆ రోడ్డు మీద మన ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, ఆటోలు, రాత్రింబవళ్లు ఆగని లారీలు అన్నియు కలిసి సాగును. ఆ సందడిలో స్టీరింగు పట్టిన చేతులలో కొన్ని ముడుతలు పడిన చేతులు కూడ ఉన్నవి.

మొదట నా కథ చెప్పెదను. ఇది నేనింతవరకు ఇంటిలో సైతము చెప్పలేదు.

వానకాలము వెళ్లిన తరువాత ఒకనాడు నేను జహీరాబాదులో మందులు కొనుక్కొని మోటారు సైకిలు మీద తిరిగి వచ్చుచుంటిని. దీపాలవేళ. మన ఊరి మొదటి మలుపు దగ్గర ఎదుటినుండి ఒక కారు వచ్చినది. దాని వెలుగు కండ్లలో కొట్టగానే నాకు లోకమంతయు తెల్లని పొగవలె అయినది. కారు దాటిపోయినది గాని ఆ పొగ పోలేదు. అట్లే రెండు మూడు క్షణములు బండిని పోనిచ్చితిని. అంతలో నా హ్యాండిలు దేనికో తగిలినది. నేను ప్రక్కకు ఒరిగి పడితిని. తగిలినది ఒక బర్రె. బర్రె వెనుక పలుపు పట్టుకొని పదేండ్ల పిల్ల నిలుచున్నది. బర్రెకును నాకును పెద్ద దెబ్బలు తగులలేదు. ఆ పిల్ల నన్ను లేపి, “తాతా, నేను గట్టిగ ఒర్రినగద, ఇనవడలేదా?” అని అడిగినది. నాకు వినబడలేదు, పిల్ల కనబడనూ లేదు. ఇంటికి వచ్చి, బర్రె అడ్డము వచ్చినదని చెప్పితిని. నేను అబద్ధమాడితిని. అడ్డము వచ్చినది బర్రె కాదు, నా కండ్లు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక మూర దూరము ఇటుగా నేను వచ్చియుండినచో ఏమి జరిగియుండెడిదో తలచుకొని లేచి కూర్చుంటిని. నా లైసెన్సును తీసి చూచుకొంటిని. 69వ ఏట కొత్తదిగా మార్చుకొన్నది. 74 నిండువరకు చెల్లునని దానిమీద అచ్చయియున్నది. చట్టము ప్రకారము నేను తప్పు చేయలేదు. కాని ఆ పిల్ల ముందు నిలిచి ఈ మాట చెప్పగలనా? ఈ ప్రశ్నయే నన్ను ఈ విషయమును చదువుటకు పురికొల్పినది. చదివినదానిలో సారమును మీ ముందు పెట్టుచున్నాను.

మన తాతముత్తాతలు కూడ ముసలితనములో బండ్లు తోలినారు గదా, అప్పుడు లేని చిక్కు ఇప్పుడేల అని కొందరడుగుదురు. బాగుగా ఆలోచింపుడు. అంగడినుండి రాత్రిపూట తిరిగివచ్చు ఎడ్లబండిలో ముసలి రైతు గోనెపట్టా కప్పుకొని నిద్రపోయెడివాడు. ఎడ్లు తమంతట తాము దారి గుర్తుపట్టి, ఎదుట మనిషి నిలిచినచో ఆగి, గోతిని తప్పించుకొని, ఇంటి కొట్టము ముందుకు వచ్చి నిలిచెడివి. అనగా ఆ బండిని ముగ్గురు నడిపెడివారు: ఒక మనిషి, రెండు ఎడ్లు. మనిషి కన్ను మూసినను నాలుగు కండ్లు తెరచియుండెడివి. మోటారు బండికి కండ్లు లేవు. అది మన చేతిని మాత్రమే ఎరుగును. మనము చూడనిది అది చూడదు. ఎడ్లు మనకు చేసిన సహాయమంతయు ఇప్పుడు మన కండ్లు, చెవులు, మెడ, పాదము, మెదడు మాత్రమే చేయవలెను. కావుననే వానిని అప్పుడప్పుడు పరీక్షించుకొనుట అవసరమైనది.

వయస్సుతోపాటు ఈ అవయవములలో ఏమి మార్పు కలుగును? 40 దాటిన తరువాత దగ్గరి అక్షరములు మసకబారుట మనమందరము ఎరుగుదుము. అందుకే ఈ గ్రంథాలయములో కండ్లద్దములు మరచి వచ్చినవాడు పత్రికను చేతి పొడవునా దూరముగ పట్టుకొనును. కాని రోడ్డు మీద ప్రమాదము మరియొక రీతిగా వచ్చును. కంటి పాప వయస్సుతో చిన్నదగును, లోపలి కటకము పసుపువారును. అందువలన 60 ఏండ్లవాని కంటి తెరకు చేరు వెలుతురు 20 ఏండ్లవానికి చేరుదానిలో సుమారు మూడవ వంతే. కాబట్టి పగలు చక్కగా చూడగల వృద్ధుడు మసక చీకటిలో చూడజాలడు. మోతిబిందు ముదిరినచో ఎదుటి దీపపు వెలుగు కంటిలో చెదరిపోయి, చూపు తిరిగి కుదురుకొనుటకు ఎక్కువ సేపు పట్టును. నాకు కలిగినది ఇదియే. నీటికాసుల వ్యాధి యనబడు గ్లాకోమా ఇంకను మోసకారి. అది ముందుగా ప్రక్కచూపును తినివేయును. ఎదుటి అక్షరములను చదువగలవాడు ప్రక్కసందునుండి వచ్చు పిల్లవానిని చూడలేడు. చూడలేకున్నానని ఎరుగడు కూడ.

ఇక క్షణముల లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు ముందుకు సాగును. అపాయమును చూచి, బ్రేకు మీద కాలు వేయుటలో ఒక మనిషి మరియొకనికంటె అర సెకను ఆలస్యము చేసినచో, బండి 8 మీటర్లకు పైగా అదనముగ పోవును. ఈ సభామందిరపు పొడవు అంత లేదు. అర సెకను పెద్ద తప్పు కాదు. వయస్సు నెమ్మదిగా, ఎవరికిని తెలియకుండ, పుచ్చుకొనెడి పన్ను అది. దీనికితోడు మెడ పూర్తిగా తిరుగదు. చక్కెరవ్యాధి మందు తీసికొని భోజనము ఆలస్యము చేసినచో కండ్లు తిరుగును. నిద్ర మాత్రలు, కొన్ని జలుబు మాత్రలు మరునాటి ఉదయము కూడ మత్తు కలిగించును.

ఇంతవరకు వినిన యువకులు, “అటులైన 60కో 65కో ఒక గీత గీసిన సరిపోవును గదా” యని తలచుచుందురు. అందుకు ఆధారము లేకపోలేదు. మన ఆర్టీసీ డ్రైవరు 60 ఏండ్లకు పదవీ విరమణ చేయుచున్నాడు. 2019 వరకు అది 58 ఏండ్లే. అంతర్జాతీయ విమానములు నడుపు పైలట్లకు 65 ఏండ్ల పరిమితి కలదు. బస్సులో 50 మంది ప్రాణములు, విమానములో వందలమంది ప్రాణములు ఒకని చేతిలో ఉండును. వారు టిక్కెట్టు కొని యెక్కినారే గాని డ్రైవరును ఎంచుకొనలేదు. కావున అచ్చట గట్టి గీత న్యాయమే. ఆ గీత దాటినవానికి యజమాని చేయవలసిన చెల్లింపులు కూడ కొన్ని ఉండును. కాని తన పొలమునకు తాను ట్రాక్టరు తోలుకొను రైతునకు ఎవరు పింఛను ఇచ్చెదరు? కొడుకులు హైదరాబాదునకు, దుబాయికి పోగా ఇంటిలో మిగిలిన ముసలి దంపతులను ఆసుపత్రికి ఎవరు తీసికొనిపోయెదరు? గీత గీయుట సులభము. గీతకు ఆవల నిలిచినవాని సంగతి ఏమి?

మన చట్టము ఈ విషయమున ఏమి చెప్పుచున్నది? 1988 నాటి మోటారు వాహనముల చట్టము కనీస వయస్సును నిర్ణయించినది. సామాన్య వాహనమునకు 18 ఏండ్లు, 50 సీసీ మించని మోటారు సైకిలుకు 16 ఏండ్లు, రవాణా వాహనమునకు 20 ఏండ్లు. గరిష్ఠ వయస్సును మాత్రము అది నిర్ణయింపలేదు. దానికి బదులు లైసెన్సు కాలమును తగ్గించుచు వచ్చినది. 2019 సవరణ ప్రకారము 30 ఏండ్లలోపువానికి ఇచ్చు లైసెన్సు 40 నిండువరకు చెల్లును. 30 మొదలు 50 లోపువానికి 10 ఏండ్లు. 50 మొదలు 55 లోపువానికి 60 నిండువరకు. 55 నిండినవానికి ఒక్కసారికి 5 ఏండ్లు. 40 దాటినవారు లైసెన్సు మార్చుకొనునపుడు డాక్టరు సంతకము చేసిన 1-ఎ నమూనా పత్రమును దాఖలు చేయవలెను. రోగము చేతగాని అంగవైకల్యము చేతగాని ఒకడు వాహనము నడుపజాలడని నమ్ముటకు కారణమున్నచో లైసెన్సును రద్దుచేయు అధికారమును కూడ ఆ చట్టము లైసెన్సు అధికారికి ఇచ్చినది.

చూచినారా, మన చట్టము వివేకము లేనిది కాదు. వయస్సును నేరముగ చూడక, పరీక్షకు పిలుచు గంటగా చూచినది. లోపము రెండు చోట్ల కలదు. మొదటిది, 55 ఏండ్లవానికిని 80 ఏండ్లవానికిని అదే 5 ఏండ్ల గడువు. 55 మొదలు 60 వరకు శరీరములో వచ్చు మార్పునకును, 75 మొదలు 80 వరకు వచ్చు మార్పునకును పోలిక లేదు. 69వ ఏట నాకు చూపు బాగుగనే ఉన్నది. 72వ ఏట లేదు. కాగితమునకు ఆ సంగతి తెలియదు. రెండవది, పరీక్ష యొక్క నాణ్యము. మనిషిని సరిగా చూడకయే సంతకము పెట్టిన పత్రము ఎచ్చటనైన దొరకుచున్నంతకాలము ఎంత మంచి నియమమైనను ప్రయోజనము లేదు. ఆ పత్రమును కొనువాడు డాక్టరును మోసగించుట లేదు. రోడ్డుమీద పోవు పిల్లను మోసగించుచున్నాడు.

మూడవ సంగతి యొకటి చెప్పవలెను. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, 7,500 కిలోలకు మించని రవాణా వాహనమును తేలిక వాహనపు లైసెన్సు గలవాడే నడుపవచ్చునని తీర్పు చెప్పినది. వేలకొలది పేద డ్రైవర్లకు అది మేలు చేసినది. కాని పదిమందిని ఎక్కించుకొని జహీరాబాదునకు పోవు పెద్దాయనకు, ఒంటరిగా తన కారును నడుపుకొను పెద్దాయనకు ఇకమీదట ఒకే కాగితము చాలును. కావున ఇతరులను ఎక్కించుకొని కూలికి బండి నడుపు వృద్ధుని విషయమున మన జాగ్రత్త పెరుగవలెనే గాని తగ్గరాదు.

ఇక, ప్రమాదములన్నిటికి ముసలివారే కారణమా? కాదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది యని కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. వారిలో మూడింట రెండువంతులు 18 మొదలు 45 ఏండ్ల వయస్సువారు. నూటికి 71 మరణములకు కారణము అతివేగమని ఆ నివేదికయే చెప్పుచున్నది. అతివేగము ముసలివారి జబ్బు కాదు. ఇది వినగానే నా ఈడువారు చప్పట్లు కొట్టవలదు. మరణించినవారి వయస్సు వేరు, బండి నడిపినవారి వయస్సు వేరు. అదిగాక మనము తక్కువ దూరము, తక్కువసార్లు నడుపుదుము. తక్కువ తిరిగినవాడు తక్కువ ప్రమాదములు చేయుట గొప్ప కాదు. ఇంకొక సత్యము కూడ కలదు: అదే దెబ్బకు యువకుని ఎముక నిలుచును, మన ఎముక విరుగును. కాబట్టి లెక్కలు మనలను నిర్దోషులనుగ చేయవు, నేరస్థులనుగను చేయవు. ఒక్కొక్కని సంగతి విడివిడిగ చూడుమని మాత్రమే అవి చెప్పుచున్నవి.

ఇతర దేశములవారు ఏమి చేసినారో చూతము. జపాను వృద్ధులు అధికముగా గల దేశము. అచ్చట 2019 ఏప్రిల్ 19న టోక్యో నగరములోని ఇకెబుకురోలో 87 ఏండ్ల వృద్ధుడొకడు నడిపిన కారు ఒక తల్లిని, ఆమె మూడేండ్ల కూతురును చంపినది. 2021లో ఆయనకు అయిదేండ్ల శిక్ష పడినది. దేశమంతయు దుఃఖించినది. అయినను జపాను వారు వయఃపరిమితి పెట్టలేదు. 70 దాటినవారు లైసెన్సు మార్చుకొనునపుడు పాఠము వినవలెను. 75 దాటినవారు జ్ఞాపకశక్తి, వివేచన తెలియజేయు పరీక్షకు కూర్చుండవలెను. 75 దాటి, కొన్ని ట్రాఫిక్ నేరములు చేసినవారు 2022 మే మొదలుకొని బండి నడిపి చూపవలెను. ఇవిగాక 1998 నుండి తనంతట తాను లైసెన్సును అప్పగించు పద్ధతి కలదు. అట్లు అప్పగించినవానికి, ఇన్నాళ్లు వాహనము నడిపినవాడని తెలుపు ఒక పత్రమును ఇచ్చెదరు. అనేక పట్టణములలో దానిని చూపినచో బస్సు చార్జీలో రాయితీ దొరకును. ఆ చిన్న పత్రములో ఎంత మర్యాద యున్నదో చూడుడు. లాగుకొనుట వేరు, గౌరవముతో పుచ్చుకొనుట వేరు.

బ్రిటనులో 70వ ఏట లైసెన్సు ముగియును. పిదప మూడేండ్లకొకసారి మార్చుకొనవలెను. బస్సులు, పెద్ద లారీలు నడుపువారికి 65 తరువాత ఏటేట వైద్యపరీక్ష. ఆ దేశపు రాణిగారి భర్త ఫిలిప్ 97 ఏండ్ల వయస్సున, 2019 జనవరిలో సాండ్రింగాం వద్ద కారు నడుపుచు మరియొక కారును ఢీకొనినారు. మరుసటి నెలలో తన లైసెన్సును తానే అప్పగించినారు. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రములో 79 ఏండ్లు నిండినవారికి రోడ్డు మీద పరీక్ష తప్పనిసరిగ ఉండెడిది. 2025లో చేసిన చట్టము 2026 జూలై 1 నుండి ఆ వయస్సును 87కు జరిపినది. గీతను ఎచ్చట గీయవలెనో గీచినవారికే నిశ్చయము లేదని దీనినిబట్టి తెలియుచున్నది.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది ఫిన్లాండు, స్వీడను దేశముల అనుభవము. రెండును ఇరుగుపొరుగు దేశములు. ఫిన్లాండులో 70 నిండినవారికి వైద్యపరీక్ష తప్పనిసరి. స్వీడనులో అట్టి నియమము లేదు. 1996లో పండితులు రెంటిని పోల్చి చూచినారు. పరీక్ష పెట్టినందువలన ఫిన్లాండులో వృద్ధ డ్రైవర్ల ప్రమాదములు తగ్గినట్లు వారికి కనబడలేదు. పైగా అచ్చట నడచిపోవుచు, సైకిలుమీద పోవుచు మరణించిన వృద్ధుల సంఖ్య ఎక్కువగ నున్నది. కారు విడిచినవారు కాలినడకన రోడ్డుమీదికి వచ్చి అచ్చట చనిపోయినారేమోనని వారు ఊహించినారు. మన 65వ నెంబరు రోడ్డును కాలినడకన దాటెడి వృద్ధుని తలచుకొనుడు. ఈ మాట అర్థమగును. లైసెన్సు తీసికొనుటతో పని ముగియలేదు, సగమే అయినదని గ్రహింపవలెను.

కాబట్టి నా అభిప్రాయము ఇది. సొంత అవసరమునకు బండి నడుపుకొను వృద్ధునకు వయస్సును బట్టి నిషేధము తగదు. వయస్సును బట్టి పరీక్ష తగును. మన చట్టము యంత్రమునకు ఇదే న్యాయము చేయుచున్నది. సొంత కారుకు 15 ఏండ్లు నిండినచో దానిని చూచి, తగినదైనచో మరల 5 ఏండ్లకు రిజిస్ట్రేషను పొడిగించుచున్నారు. కూలికి తిరుగు బండికి ఎనిమిదేండ్లు దాటినచో ఏటేట ఫిట్‌నెస్ పరీక్ష. ఇనుమునకు చూపిన న్యాయమును మనిషికి చూపుట అవమానమగునా?

70 దాటిన పిమ్మట గడువు అయిదేండ్లు గాక రెండేండ్లు కావలెను. పరీక్షలో దూరపు చూపు మాత్రమే గాక ప్రక్కచూపు, మసక వెలుతురులో చూపు, వినికిడి, మెడ తిరుగుట చూడవలెను. కొంచెము దూరము బండి నడిపింపవలెను. ఫలితము అవునో కాదో అను రెండు మాటలతోనే ముగియరాదు. పగలు మాత్రమే నడుపవచ్చును, జాతీయ రహదారి ఎక్కరాదు, ఇతరులను ఎక్కించుకొనరాదు అను షరతులతో లైసెన్సు ఇచ్చు వీలుండవలెను. పొలము బాటన పగటిపూట మెల్లగా ట్రాక్టరు తోలు రైతును, రాత్రి రహదారిమీద లారీ నడుపువానిని ఒకే త్రాసులో తూచరాదు. బస్సులు, బడిపిల్లల బండ్లు, భారీ లారీలు నడుపువారికి మాత్రము గట్టి వయఃపరిమితి ఉండుటయే మేలు.

ఇంత పరీక్ష పల్లెలలో సాధ్యమా యని అడుగుదురు. సాధ్యమే. 2018 ఆగస్టు 15న మన పాత మెదక్ జిల్లాలోని మల్కాపూరు గ్రామముననే కంటి వెలుగు కార్యక్రమము ఆరంభమైనది. ఆ మొదటి విడతలో కోటిన్నరకు పైగా జనులకు ఊరూర కండ్లు పరీక్షించినారు; ఉచితముగ అద్దములు ఇచ్చినారు. మరల 2023లో రెండవ విడత జరిగినది. ఊరి బడిలో బల్ల వేసి కోటిన్నర జనుల కండ్లు చూడగలిగిన రాష్ట్రము 70 దాటిన డ్రైవర్ల కండ్లు చూడలేదా?

లైసెన్సు విడిచినవానికి బస్సు కావలెను. 1932లో నిజాం ప్రభుత్వము 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించినది. నేడు మన జహీరాబాదులోనే డిపో ఉన్నది. 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితమైనది. ముసలమ్మ బస్సులో ఆసుపత్రికి పోవుచున్నది. ముసలాయన మసక కండ్లతో మోటారు సైకిలు ఎక్కుచున్నాడు. లైసెన్సును అప్పగించిన వృద్ధునకు కూడ ఆ సౌకర్యమును కలిగింపుమని మన గ్రామసభ తీర్మానము చేసి పంపినచో తప్పేమి?

ఇంటివారికి ఒక మాట. తండ్రి చేతినుండి తాళంచెవి లాగుకొనుట పౌరుషము కాదు. ఆయన మొట్టమొదట కొనిన బండి మీదనే మీరు బడికి పోయినారు. “నాయినా, నీకు చాతకాదు” అనకుడు. “నాయినా, రేపు కండ్ల డాక్టరు దగ్గరికి పోదాం, నేను తీస్కపోత” అనుడు. బండిమీద కొత్త గీతలు పడినను, తెలిసిన దారి తప్పినను, ఎదుటి దీపములకు చిరాకుపడినను, అది డాక్టరు వద్దకు పోవలసిన సమయమని గ్రహింపుడు. తండ్రిని బండి దింపినవాడు ఆయనను ఆసుపత్రికి, అంగడికి, గ్రంథాలయమునకు తీసికొనిపోవు భారము కూడ తలకెత్తుకొనవలెను. లేనిచో ఆయనను ఇంటిలో బంధించినవాడగును.

నా ఈడువారికి ఇంకొక మాట. పరీక్ష యనిన భయపడవలదు. బర్రె సంగతి జరిగిన వారము దినములకు నేను కండ్ల డాక్టరు వద్దకు పోతిని. రెండు కండ్లకు మోతిబిందు ఉన్నదని చెప్పినారు. కుడికంటికి ఆపరేషను అయినది, ఎడమకంటికి కావలసియున్నది. పోయినదనుకొన్న చూపు చాలవరకు తిరిగి వచ్చినది. నా చేతినుండి తాళంచెవిని తీసికొనునని భయపడి మూడేండ్లు నేను ఏ పరీక్షకు దూరముగ నుంటినో, ఆ పరీక్షయే నాకు అక్షరములను తిరిగి ఇచ్చినది. పగటిపూట ఊరిలో బండి నడుపవచ్చునని, రాత్రి మాత్రము కూడదని డాక్టరు చెప్పినారు. ఆ మాటను నేను పాటించుచున్నాను. నేడు ఈ సభకు మనుమని వెనుక కూర్చుండి వచ్చితిని. మొదట సిగ్గుగా తోచినది. మలుపు దగ్గరకు రాగా ఆ పిల్ల ఇంటి ముందు ఆడుకొనుచు కనబడినది. సిగ్గు పోయినది.

ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు మూడు మనవులు చేయుచున్నాను. ఏడాదికొకసారి ఈ మందిరముననే కంటి పరీక్షా శిబిరము పెట్టింపుడు. సాయంకాలము పత్రికలు చదువుకొని పోవు పెద్దలను ఇంటికి చేర్చుటకు యువక చందాదారులు వంతులు వేసికొనుడు. రాలేనివారి ఇండ్లకు వారమునకొకసారి పుస్తకములు పంపుడు. గ్రంథాలయమునకు వచ్చుటకే ప్రాణమునకు తెగించి చీకటిలో బండి ఎక్కు పాఠకుడు మనకుండరాదు. నేను కోరినవాటిలో ప్రభుత్వము చేయవలసినవి ఎప్పటికి జరుగునో చెప్పజాలను. ఈ మూడును మాత్రము రేపటినుండియే చేయవచ్చును.

రెండేండ్ల తరువాత నా 74వ ఏట లైసెన్సు గడువు ముగియును. ఆనాడు మరల పరీక్షకు పోయెదను. తగుదునన్నచో పగటిపూట మెల్లగా నడుపుకొనెదను. తగనన్నచో తాళంచెవిని మనుమని చేతికిచ్చి, ఈ గ్రంథాలయమునకు నడచి వచ్చెదను; వానకాలమున మాత్రము ఎవరైన నన్ను వెనుక కూర్చుండబెట్టుకొని తీసికొనిరావలసియుండును.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ ఇట్లే జరుపుకొనవలెనని కోరుచు విరమించుచున్నాను.